సూరయాపేట సమమేళనము: టీకా తాత్పర్య సహితము

మూలము

సూరయాపేట పూరవ విదయారథల సమమేళనం

అవతారిక

పై పంక్తి తాళపత్రాల్లో దొరికింది కాదు, రాతి మీద చెక్కిందీ కాదు. మొన్న వేసవి సెలవుల్లో మా వీధి మలుపు జిరాక్సు షాపులో, ప్రింటరు నోట్లోంచి వెచ్చవెచ్చగా బయటపడింది. దీని కర్త మా మేనల్లుడు రాసిన ముప్పై వరుసల పైథాన్ స్క్రిప్టు. ఫోనులో ఉపదేశం చేసినవాడు అతని సీనియరు, పదిహేనేళ్ళ అనుభవం గలవాడు. ఆయన పేరుతో నాకు పని లేదు. ఈ వ్యాఖ్యలో ఆయన 'నిపుణుడు'. వ్యాఖ్యాత సూర్యాపేటలో ముప్పై రెండేళ్ళు తెలుగు చెప్పి రిటైరైన పంతులు. సందర్భం: బడి పూర్వ విద్యార్థులు కలుసుకోవడానికి ఇక రెండు రోజులుంది. మెడలో వేసుకునే కార్డుల మీద పేర్లు, వేదిక వెనక బ్యానరు మీద ఒక్క వరుస రావాలి. వచ్చిన వరుస ఇదీ.

కోలాచల మల్లినాథ సూరి మనకు పరాయివాడేం కాదు, మెదక్ జిల్లా కొల్చారం ఆయనది. కాళిదాసుకు వ్యాఖ్య మొదలుపెడుతూ రెండు ఒట్లు పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని. రెంటినీ నేను పాటించలేను. మొదటిదెందుకంటే ఇక్కడ మూలమే గల్లంతైంది. రెండోదెందుకంటే నేను రిటైరైనవాణ్ణి.

ఆయన తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును లేపడానికట. నా వ్యాఖ్య పేరు 'కొమ్ముదీపిక'. తెలుగు కొమ్ముకు సంస్కృత దీపికను తగిలిస్తే వైరిసమాసమని నాకూ తెలుసు. ఎందుకు తగిలించానో ముందు ముందు తెలుస్తుంది.

ప్రతిపదార్థము

సూరయాపేట: సూర = సూర్యునియొక్క, అయ = శుభము కలిగించు దైవము గల, పేట = ఊరియందు. కొందరు దీన్ని 'సురయ్యా పేట' అని చదివి పాత హిందీ సినిమాల గాయనికి అన్వయిస్తారు. భానుపురి అని ఈ ఊరి పాత పేరు తెలియనివాళ్ళు చేసే పని అది. మనం సూర్యుణ్ణి వదలరాదు.

పూరవ: పూ = పూలయొక్క, రవ = చప్పుడు గల. పూలు చప్పుడు చేయునా అని ఆక్షేపణ. దండలు వేసేటప్పుడు జనం చప్పట్లు కొడతారు గదా అని సమాధానం. (ఇదీ వైరిసమాసమే. కవి నాకంటే ముందే చేశాడు.)

విదయారథల: వి = పోయిన, దయా = కనికరము గల, రథల = బండ్లయొక్క. దయమాలిన బండ్లు అని భావం. ఇది 65వ నంబరు జాతీయ రహదారిని గూర్చిన ధ్వని. హైదరాబాదుకూ విజయవాడకూ నడుమ కాపురముండి, రోడ్డు దాటవలసివచ్చిన ఏ సూర్యాపేట వాసికీ దీన్ని విడమరచి చెప్పనక్కర లేదు.

సమమేళనం: సులభము.

తాత్పర్యము: సూర్యుని దయ గల ఊళ్ళో, పూల చప్పుడు నడుమ, దయ లేని బండ్లన్నీ సమానంగా కలుసుకొన్నవి.

ఇంత చక్కని అర్థం వస్తుండగా గొడవెందుకన్నట్టే మాట్లాడాడు నిపుణుడు. "అంకుల్, రీడబుల్‌గానే ఉంది కదా" అన్నాడు స్పీకరు ఫోనులో. రీడబుల్! బ్యానరు చూసి పిల్లలు నవ్వేది నన్ను. బడిలో ముప్పై రెండేళ్ళు ఒత్తులు దిద్దించినవాణ్ణి నేను.

ప్రతి నొప్పికీ "గ్యాసు" అనే డాక్టరు ఊరికొకడుంటాడు. కంప్యూటరు వాళ్ళలో ఆ డాక్టరు చెప్పే మాట "ఎన్‌కోడింగ్ ఇష్యూ". మా అల్లుడు కూడా మొదట అదే అన్నాడు: "గది ఎన్‌కోడింగ్ ఇష్యూ మామా, నువ్వు పరేషాన్ గాకు." ఏం ఎన్‌కోడింగ్, ఏం ఇష్యూ, ఎక్కడ మొదలైంది అని అడిగితే మాత్రం గొంతు సవరించుకుని మళ్ళీ అదే మాట, ఈసారి ఇంకొంచెం మెల్లగా. రోగం పేరు గంభీరంగా చెప్పడమే వైద్యమైపోయింది.

పాఠాంతరములు

లభ్య ప్రతులు మూడు. వీటిని క, గ, చ అంటాను.

క ప్రతిలో తెలుగు లేదు. ఎర్ర అక్షరాల్లో ఒక ఇంగ్లీషు వాక్యముంది, దాని సారం: "11వ స్థానంలో 141 అనే బైటు వచ్చింది, నా పట్టికలో దానికి అక్షరం లేదు, నేను ముందుకు పోను." యంత్రం సున్నా నుంచి లెక్కిస్తుంది కనుక మనకది పన్నెండో బైటు. ఆ రెండు రోజుల్లో ఎవరైనా చెప్పిన నిజం ఇదొక్కటే. తప్పెక్కడుందో ఇంటి నంబరుతో సహా చెప్పింది. దాన్ని చదివినవారు లేరు. ఎర్రగా ఉందని భయపడి ఫోను చేశారు. నిపుణుడు ఒక్క మాటలో తేల్చేశాడు: "ఎర్రర్స్ దగ్గర ఇగ్నోర్ పెట్టెయ్."

పట్టించుకోకు, అని అర్థం. తప్పును దిద్దుకొమ్మని కాదు. తప్పు వచ్చిందని యంత్రం చెప్పబోతే దాని నోరు మూయమని.

ఆ పన్నెండో బైటు సంగతి తెలియాలంటే కొంత సంఖ్యా విచారం చేయాలి. సూర్యాపేట మనకు నాలుగక్షరాలు: సూ, ర్యా, పే, ట. నాలుగు వేదాల్లాగా. యూనికోడు దాన్ని తొమ్మిదిగా విడదీస్తుంది: స, కొమ్ముదీర్ఘం, ర, పొల్లు, య, దీర్ఘం, ప, ఏత్వం, ట. నవగ్రహాలు. యూనికోడులో తెలుగుకు 1991 మొదటి కూర్పులోనే చోటు దొరికింది, 3072 నుంచి 3199 దాకా 128 గదులు. ఆ గది నంబర్లను యూటీఎఫ్-8 పద్ధతిలో ఫైల్లో రాసేటప్పుడు ఒక్కో తెలుగు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు, నక్షత్రాలు. ఆ ఇరవై ఏడింటినీ లాటిన్-1 అనే పరాయి పట్టికతో పొరపాటుగా చదివి మళ్ళీ యూటీఎఫ్-8లో దాచారనుకోండి, ఒక్కొక్కటీ రెండై 54 అవుతాయి. అదే పొరపాటు రెండోసారి చేస్తే సరిగ్గా 108. ఊరి పేరు రెండుసార్లు తప్పుగా చదివితే అష్టోత్తరం పూర్తవుతుంది! నేను కాగితం మీద మూడుసార్లు కూడి చూశాను. ఇది నిపుణుడికి చెప్తే "నైస్ అంకుల్" అన్నాడు. అర్చన చేసినంత పుణ్యం పోగొట్టుకున్నాడు.

ఈ యూటీఎఫ్-8 అనేది ఏ మహాసభలోనో పుట్టింది కాదు. 1992 సెప్టెంబరులో అమెరికాలో, న్యూజెర్సీలోని ఒక హోటల్లో, కెన్ థాంప్సన్ అనే ఆయన రాబ్ పైక్ అనే ఆయనతో భోజనానికి కూచుని, పళ్ళెం కింద పరిచిన కాగితం మీద గీసిందట. దారి పక్క హోటలు, చేతిలో పెన్ను. మన హైవే మీద రాత్రి బస్సులు ఆగి జనం దిగే హోటళ్ళలో కూడా బల్ల మీద కాగితం పరుస్తారు. మనం దాని మీద చెయ్యి తుడుచుకుంటాం. సరే.

అసలు సంగతికొస్తాను. ఫైలు యూటీఎఫ్-8లో ఉంది. స్క్రిప్టు దాన్ని విండోస్-1252 అనే పట్టిక పెట్టుకుని చదివింది. ఏ పట్టికతో చదవాలో అల్లుడు చెప్పలేదు కనుక, ఇంట్లో వాడుకలో ఉన్నదాన్ని తీసుకుంది. ఆ పట్టికలో 256 కుర్చీలు. అందులో ఐదు ఖాళీ: 129, 141, 143, 144, 157. పాశ్చాత్య యూరపు భాషల వాళ్ళు వేసుకున్న కుర్చీలు కనుక ఆ ఐదూ ఖాళీగా ఉన్నా వాళ్ళకే నష్టమూ లేదు. మనకేం నష్టమో చూడండి.

141 మన పొల్లు తోక. కంప్యూటరు దృష్టిలో తెలుగులో ఒత్తులు లేవు. ర్య అంటే ర, పొల్లు, య అంతే. అంటే ఒత్తున్న ప్రతిచోటా కనపడని పొల్లు ఒకటుంది, దాని మూడో బైటు 141, దానికి కుర్చీ లేదు. సూర్యాపేటలో అది సరిగ్గా పన్నెండోది. ఒత్తు అంటే యంత్రాలకు మొదటి నుంచీ భయమే. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అన్న ఒక్క తెలుగక్షరాన్ని, నడుమ ఒక కనపడని గుర్తుతో కలిపి పంపితే, ఐఫోన్లలో యాపులకు యాపులు కుప్పకూలాయి. కంపెనీ వాళ్ళు కొత్త కూర్పు ఇచ్చి దిద్దుకోవలసి వచ్చింది. జ్ఞానంలో మొదటి అక్షరానికే అంత పనైంది, పూర్తిగా పంపితే ఏమయ్యేదో.

గ ప్రతి. ఇగ్నోర్ పెట్టాక స్క్రిప్టు ఆగకుండా పరుగెత్తి దీన్ని కక్కింది. దీన్ని ఇక్కడ అచ్చు వేయలేను. ఈ వ్యాఖ్యలో ఇంగ్లీషు లిపి వాడనని ఒట్టు. మాటల్లో చెప్తాను. ప్రతి తెలుగు గుర్తూ నెత్తిన వాలుగీత గల ఒక ఇంగ్లీషు 'ఏ'తో మొదలవుతుంది. దాని వెంట ఒక డిగ్రీ సున్న, లేకపోతే కూడిక కింద తీసివేత ఉన్న గుర్తు. ఆ తరవాత ఒక వింత. అచ్చులకూ హల్లులకూ డిగ్రీ దొరికింది. దీర్ఘానికి, గుడికి కూడా దొరికింది. గుడిదీర్ఘం నుంచి మాత్రం కూడికా తీసివేతా. రకారానికి రెండు డిగ్రీలు, డబుల్ ఎమ్మే. ఢకారం సెంటు, ణకారం పౌండు, థకారం యెన్ను. రూపాయి ఎవరికీ రాలేదు. ఆకారపు దీర్ఘానికి మన లెక్కలో రెండు మాత్రలు; అక్కడ ముప్పాతిక వేశారు. గుడి ఉన్నచోట తలకిందులుగా వేలాడే ప్రశ్నార్థకం. ఇంకేమీ అర్థం కాకపోయినా అది మాత్రం నా స్థితికి సరిపోయింది.

ఇందులో ఒక గొప్పతనముంది. ఒకే జంట మళ్ళీ మళ్ళీ వస్తోందంటే అది చెత్త కాదు, చదవదగిన లిపి. మన జిల్లాలో ఫణిగిరి గుట్ట మీద బౌద్ధుల స్తూపం ఉంది, బ్రాహ్మీ శాసనాలున్నాయి. అలాంటి శాసనాలను ఎన్నో వందల ఏళ్ళపాటు చూసినవాళ్ళంతా గీతలనుకున్నారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ సాంచీ స్తూపం మీది చిన్న చిన్న రాతలను ముందేసుకుని, చాలావాటి చివర ఒకే రెండక్షరాలు వస్తున్నాయని గమనించాడు. స్తూపం దగ్గర జనం రాయించుకునేదేమిటి? ఇచ్చింది రాయించుకుంటారు. అది 'దానం' అయి ఉంటుందనుకున్నాడు, అయింది. ద, న దొరికాయి, మిగతావి వాటి చెయ్యి పట్టుకుని వచ్చాయి. కలెక్టరో మిలిటరీ వాడో కాదు, నాణేల టంకశాలలో లోహాలు పరీక్షించే ఉద్యోగి. చేతిలో ఉన్నది ఓపిక. ఫణిగిరికి పిల్లల్ని ఎక్స్‌కర్షన్ తీసుకుపోయినప్పుడల్లా ఈ కథ చెప్పేవాణ్ణి, సగం మంది చింతకాయలు ఏరుకునేవారు. గుట్ట మీద గాలి బాగుంటుంది.

ఎక్కడున్నాను? డిగ్రీ సున్న దగ్గర. ప్రిన్సెప్ దానంతో మొదలుపెట్టాడు, మనం డిగ్రీతో మొదలుపెట్టవచ్చు. ఏ పట్టికతో తప్పు చదివామో అదే పట్టికతో వెనక్కి రాసి, సరైన పట్టికతో మళ్ళీ చదివితే గ ప్రతి లోంచి తెలుగు చెక్కుచెదరకుండా లేచి కూర్చుంటుంది. అసలైన సంజీవని అదే. అయితే దానికొక షరతు: ఒక్క బైటు కూడా పోయి ఉండకూడదు. మన వాళ్ళు ఇగ్నోర్ పెట్టారు. కుర్చీ దొరకని బైట్లన్నీ ద్వారం దగ్గరే పోయాయి. అందువల్ల వెనక్కి తిప్పబోతే స్క్రిప్టు మళ్ళీ ఎర్రగా అరిచింది. నిపుణుడు మళ్ళీ అదే మందు వేయించాడు. అప్పుడు పుట్టింది చ ప్రతి, అనగా మన మూలము.

విశేషాంశము: కొమ్ము

ఖాళీ కుర్చీల్లో 141 గురించి చెప్పాను. 143 ఏ, 144 ఐ, 157 ఝ. మా ఇంట్లో పిలుపు "ఏమండీ" ఈ లెక్కన "మండీ" అవుతుంది. పెద్ద తేడా లేదు. 129 మాత్రం ఎవరిదనుకున్నారు? కొమ్ముది. తెలుగు మాట చివర నిలబడే ఉకారానిది. అది పోయాక తెలుగు అనే మాటే 'తెలగ' అయింది.

ఇక్కడ నేను కాసేపు నిపుణుణ్ణి మరిచిపోతాను, క్షమించాలి.

చిన్నయసూరి దగ్గర్నుంచి ఎనిమిదో తరగతి దాకా అందరూ వల్లించిన విభక్తి ప్రత్యయాల్లో మొదటివి డు, ము, వు, లు. రాముడు, వృక్షము, ధేనువు, రాములు. నాలుగింటికీ కొమ్ము ఉంది. తెలుగు వాక్యంలో కర్త ఎవరో తేలేది వీటివల్ల. ఐదు ఖాళీ కుర్చీల్లో ఒక్కదాని పుణ్యమా అని డుమువులు కాస్తా 'డమవల' అయ్యాయి. రామడ, వృకషమ, ధేనవ, రామల. ప్రథమా విభక్తి నిర్వంశం.

ద్వితీయ చూడబోయాను. గురించి 'గరించి' అయింది, కూర్చి 'కూరచి' అయింది. తృతీయలో చేత, తోడ బతికాయి, చివరి నకారపొల్లు ఊడి నిండు న అయింది. గ్రాంథికవాదులు బాధపడాలి, నేను పడను. చతుర్థిలో కొరకు 'కొరక' అయింది, పళ్ళకు పని. కై మాత్రం నిలిచింది. పంచమిలో పట్టి 'పటటి', షష్ఠిలో యొక్క 'యొకక', కోడిపెట్ట కూసినట్టు. సప్తమిలో అందు 'అంద'. ఇలా ఒక్కొక్క ఇంటి తలుపూ తట్టుకుంటూ, ఏడిళ్ళు తిరిగి, సంబోధన ప్రథమ దగ్గరికొచ్చాను. ఓ, ఓరి, ఓయి, ఓసి. ఒత్తు లేదు, కొమ్ము లేదు. నాలుగూ క్షేమం! వ్యాకరణమంతా కూలిపోయాక, ఓరీ అని పిలవడానికి మాత్రం యంత్రం అడ్డు చెప్పలేదు. ఎవర్ని పిలవాలో కూడా చూచాయగా తెలుస్తోంది.

ఊళ్ళ సంగతి. మిర్యాలగూడ 'మిరయాలగూడ', తుంగతుర్తి 'తంగతరతి', చివ్వెంల 'చివవెంల'. హుజూర్‌నగర్ 'హజూరనగర', దగ్గు వస్తున్నవాడు చెప్పినట్టు. కోదాడ ఒక్కటి కోదాడగానే ఉంది. కొమ్ము లేదు, ఒత్తు లేదు. ఏ పట్టికా దాన్ని ముట్టుకోలేదు. కోదాడలో ఉన్న మా వియ్యంకుడికి ఈ మాట చెప్పాను. ఆయన ముందే కొంచెం ఎక్కువ, ఇప్పుడు పట్టలేకుండా ఉన్నాడు.

కొమ్ములు మొలిచాయా అని తెలుగులో ఒక తిట్టుంది. తెలుగు మీద నుంచి అన్ని కొమ్ములు ఊడిపడ్డాయి గదా, అవి ఎక్కడికి పోయాయి? ఎవరి నెత్తిన మొలిచాయి? నా వ్యాఖ్య పేరుకు అర్థం ఇది.

ఆక్షేపము, సమాధానము

"ఒత్తులు కొమ్ములు పోతే అంత కొంప మునిగిందా మామా, పేర్లు తెలుస్తనే ఉన్నయి గద" అన్నాడు అల్లుడు.

తాళపత్రం రాసే లేఖకుడు మహాపండితుడేం కాదు. కూలికి రాసేవాడు. అతను చూసి రాస్తున్న ప్రతిలో ఆకు చెద తిని నాలుగక్షరాలు పోయి ఉంటే, ఆ నాలుగక్షరాల మేర చోటు ఖాళీగా వదిలేవాడు. అచ్చు వేసిన పరిష్కర్తలు అక్కడ చుక్కలు పెట్టేవారు. ఇక్కడేదో ఉండేది, నాకు దొరకలేదు, అని చదివేవాడికి మాట ఇచ్చినట్టు. ఇగ్నోర్ చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. చెద తినడమే కాదు, తిన్నచోటు కుట్టేసి ఇస్త్రీ చేసి, ఆకు మొదటినుంచీ ఇంతే పొడుగని చూపిస్తుంది. స్క్రిప్టు చివర ఆకుపచ్చ గుర్తు వచ్చింది. విజయవంతంగా పూర్తయింది, అని.

పేర్లు తెలుస్తున్నాయట. మా వైపు జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పుట్టిన పిల్లలకు సైదులు, సైదమ్మ అని పెడతారు. దురాజ్‌పల్లి గట్టు మీద లింగమంతుల స్వామికి మొక్కుకున్నవాళ్ళు లింగయ్యలు. అవి మొక్కులు, ఊరికే పేర్లు కావు. కార్డుల మీద సైదల, సైదమమ, లింగయయ అని వచ్చాయి. వెంకటేశ్వర్లు 'వెంకటేశవరల' అయ్యాడు. ముందు నవ్వాను, నిజం చెప్పాలి. షాపతను కూడా నవ్వాడు.

ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకంటే ఇది బ్యానరు గనుక నవ్వు. ఇదే ముప్పై వరుసల స్క్రిప్టు, ఇదే ఒక్క మాట, ఏ పింఛను జాబితాకో పొలం కాగితానికో తగిలితే? అక్కడ సైదల వేరు, సైదులు వేరు. ఇద్దరూ ఒకటేనని అఫిడవిట్టు తేవలసింది సైదులే. స్టాంపు పేపరు, నోటరీ, రెండు ఫోటోలు, ఒక రోజు కూలి. కౌంటరు వెనకనుంచి "సిస్టంల అట్లనే వస్తుంది" అన్న మాట నేను ఒక ఆఫీసులో నా చెవులతో విన్నాను. నా ముందు నిలబడ్డ ముసలాయన చేతిలో కాగితం ఉంది, దాని అడుగున "ఇది కంప్యూటరు తయారుచేసినది, సంతకం అక్కరలేదు" అని ఉంది. తప్పు తనది కాదని ఆయనకు తెలియదు. తన పేరు తనకే సరిగ్గా రాదేమోనని అనుమానంగా దాన్ని పైకీ కిందికీ తిప్పి చూస్తున్నాడు. వేలిముద్ర వేసేవాడికి అక్షరాల మీద గౌరవం ఎక్కువ. అదొక చిక్కు.

తప్పు జరిగిందని ఎర్రగా అరిచి ఆగిపోయిన స్క్రిప్టును తిట్టి, నోరు మూసుకుని పేర్లు మింగిన స్క్రిప్టును మెచ్చుకుంటారు. ఇది నిపుణత అయితే నాకు వ్యాకరణం రాదు.

సరియైన పాఠము

అల్లుడు నాతో అలిగి రాత్రి పన్నెండుకు మళ్ళీ కూచున్నాడు. క ప్రతి లోని ఎర్ర వాక్యాన్ని నేను బిగ్గరగా చదివాను, పదం పదం విడగొట్టి, అన్వయం చేసి. ఫైలు తెరిచే వరుసలో, ఏ పట్టికతో చదవాలో చెప్పే ఒక్క మాట చేర్చాడు: యూటీఎఫ్-8. రాసే వరుసలోనూ అదే. ఇగ్నోర్లు రెండూ తీసేశాడు. అంతే. దీనికి వ్యాఖ్య అక్కర లేదు, మల్లినాథుడు సంతోషించుగాక.

ఒక్కటి మాత్రం చెప్పాలి. కార్డుల జాబితాను షాపు కంప్యూటరులో లెక్కల పట్టీగా తెరిస్తే మళ్ళీ డిగ్రీలు కనపడ్డాయి. అప్పుడు ఫైలు నెత్తిన మూడు బైట్లు పెట్టాలట: 239, 187, 191. తెర మీద కనపడవు. ఈ ఫైలు యూటీఎఫ్-8 సుమా అని తెరిచేవాడికి ముందే చెప్తాయి. నాకు వెంటనే అర్థమైంది. పుస్తకం మొదట్లో శ్రీకారం చుట్టడం! కనపడని శ్రీ. "ఇది ముందే చెప్తే అయిపోయేది గదరా అల్లుడూ, మా తాతలు శ్రీకారం లేకుండా చాకలి పద్దు కూడా రాయలేదు" అన్నాను. నిద్రమత్తులో ఉన్నాడు, ఊ కొట్టాడు.

సైదులు కొమ్ములు సైదులుకు వచ్చేశాయి.

ప్రక్షిప్తము

పని అయిపోయిందనుకున్నాక నాలుగో ప్రతి ఒకటి బయటపడింది. ఐదేళ్ళ కిందటి సమావేశంలో చేసిన జాబితా. అప్పుడు ఎవరో దాన్ని పాత పద్ధతిలో మామూలు టెక్స్టుగా దాచారు. ఫోను నంబర్లన్నీ భద్రంగా ఉన్నాయి. పేర్లు ఇలా ఉన్నాయి:

??????

దీనికి సంజీవని లేదు. గ ప్రతిలో ఏ అక్షరానికి ఆ వేషముంది, వేషం విప్పితే మనిషి దొరుకుతాడు. ఇక్కడ ప్రతి అక్షరం స్థానంలోనూ ఒకే ప్రశ్నార్థకం పెట్టి దాచారు. స అయినా 63, ల అయినా 63. ఏ పట్టికా వెనక్కి తేలేదు. అయినా నిపుణుడి ఇగ్నోర్ కంటే ఇది మర్యాదస్థుడి పని. పోయినచోట గుర్తు పెట్టాడు. లెక్క మిగిల్చాడు.

ఆరు. నేను కలం తీసి గుర్తులు లెక్కపెట్టాను. స, ఐత్వం, ద, కొమ్ము, ల, కొమ్ము: సైదులు సరిపోతాడు. ర, దీర్ఘం, మ, కొమ్ము, ల, కొమ్ము: రాములు కూడా సరిపోతాడు. యాదయ్యా సరిపోతాడు. ముగ్గురిలో ఎవరో పాఠనిర్ణయం చేయలేక, పక్కనున్న నంబరుకు ఫోను కొట్టాను. అవతల లారీల మోత, హారన్లు, దయలేని రథాలే.

"నేను బడి తెలుగు సారును. నీ పేరేంది బిడ్డా?"

"సారూ! నాగయ్యను సారూ. యాదికి లేనా? పేరుల య ఒత్తు మర్సిపోయిన్నని గోడకుర్సీ ఏయిస్తిరి."

న, దీర్ఘం, గ, య, పొల్లు, య. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఆరే.